కడుపులో ఇద్దరున్నప్పుడు: చెన్నైలోని తెలుగు తల్లులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది షోళింగనల్లూరు. మా అపార్టుమెంటులో సగం మంది తెలుగువాళ్ళే. నాకు కవలలు పుట్టి ఏడేళ్ళయింది. అప్పట్నుంచి చుట్టుపక్కల ఎవరికి స్కానులో ఇద్దరు కనిపించినా డాక్టరు తర్వాత ఫోను వచ్చేది నాకే. నేను డాక్టరుని కాను. కానీ అడిగిన ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి, డాక్టర్ల దగ్గర నేర్చుకున్నదీ నేను పడి నేర్చుకున్నదీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. మందుల విషయంలో మాత్రం మీ డాక్టరు మాటే వినండి.

స్కానులో ఇద్దరున్నారన్నారు. ముందు ఏం అడగాలి?

"మాయ (కడుపులో బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటా) ఒకటా, రెండా?" అని అడగండి. ఒకేలా ఉంటారా, ఎవరి పోలిక, పేర్లేం పెట్టాలి, అవన్నీ తర్వాత. కవలల కాన్పులో దాదాపు ప్రతి నిర్ణయమూ ఈ ఒక్క జవాబు మీదే నడుస్తుంది. ఎన్నాళ్ళకొకసారి స్కాను చేయాలి, దేనికి భయపడాలి, ఎన్నో వారంలో కాన్పు చేయాలి, అన్నీ.

మూడు రకాలుంటాయి. ఇద్దరికీ చెరో మాయ, చెరో ఉమ్మనీటి సంచి ఉంటే డాక్టర్లు డీసీడీఏ అంటారు. మాయ ఒకటే, సంచులు రెండయితే ఎంసీడీఏ. మాయా ఒకటే, సంచీ ఒకటే అయితే ఎంసీఎంఏ, ఇది చాలా అరుదు. మొదటి రకం కాస్త నిశ్చింత, రెండోదానికి కాపలా కావాలి, మూడోదానికి గట్టి కాపలా కావాలి.

ఇది బాగా తెలిసేది 11 నుంచి 14 వారాల మధ్య. అప్పుడు రెండు సంచుల మధ్య పొర మాయను తాకే చోట దళసరిగా త్రికోణంలా కనిపిస్తే లాంబ్డా గుర్తు, అంటే మాయలు రెండు. పొర సన్నగా నిటారుగా వచ్చి తాకితే టీ గుర్తు, అంటే మాయ ఒకటే. నెలలు గడిచేకొద్దీ ఈ తేడా చూడటం కష్టమవుతుంది. నాకు మొదట స్కాను చేసిన చోట రిపోర్టులో "కవలలు" అని రాసి ఊరుకున్నారు. 13వ వారంలో మా డాక్టరు ఆ కాగితం చూసి, "ఇందులో అసలు సంగతి లేదమ్మా" అని వెంటనే వేరే చోటికి పంపారు. ఇంకో నెల ఆలస్యమైతే ఊహించుకోవాల్సి వచ్చేది. అందుకే చెబుతున్నా, రిపోర్టు చేతికి రాగానే ఈ మాట ఉందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి.

మాయలు రెండున్నాయంటే పిల్లలు ఒకేలా ఉండరనేగా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. రెండు అండాలు విడుదలై రెండూ ఫలిస్తే పుట్టేవాళ్ళు మామూలు అక్కాచెల్లెళ్ళూ అన్నదమ్ముల లాంటివాళ్ళే, వాళ్ళకు ఎప్పుడూ మాయలు రెండే. ఒకే అండం ఫలించి రెండుగా విడిపోతే ఒకేలాంటి కవలలు. ఎన్నో రోజున విడిపోయిందన్నదే లెక్క. మొదటి మూడు రోజుల్లో విడిపోతే వాళ్ళకూ రెండు మాయలు ఏర్పడతాయి. నాలుగు నుంచి ఎనిమిది రోజుల మధ్య అయితే మాయ ఒకటి, సంచులు రెండు. ఆ తర్వాత అయితే సంచి కూడా ఒకటే. ఒకేలాంటి కవలల్లో దాదాపు మూడో వంతు మందికి మాయలు రెండుంటాయి. అంటే మాయ ఒకటైతే ఒకేలాంటి కవలలని చెప్పొచ్చు గానీ, మాయలు రెండైతే ఏదీ చెప్పలేం. ఒకరు ఆడ, ఒకరు మగ అయితే సందేహమే లేదు, కానీ అది పుట్టాకే తెలుస్తుంది.

జంట అరటిపండు తిన్నాను, దానివల్లేనా?

మా అత్తగారు కూడా అదే అన్నారు. తూర్పు గోదావరి జిల్లా దొడ్డిగుంటలో కవలలు ఎక్కువమంది ఉన్నారనీ, అక్కడి బావి నీళ్ళ మహిమనీ చెప్పుకుంటారు, నీళ్ళ కోసం దూరాల నుంచి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. నమ్మకాలతో నాకు తగాదా లేదు. కానీ తెలిసిన కారణాలు వేరు. రెండు అండాలు ఒకేసారి విడుదలయ్యే గుణం తల్లి వైపు నుంచి వస్తుంది. వయసు ముప్పై అయిదు దాటాక ఆ అవకాశం పెరుగుతుంది. పిల్లల కోసం వాడే మందులు, ఐవీఎఫ్‌లో రెండు పిండాలు పెట్టడం కూడా కారణాలే. ఒకే అండం విడిపోవడం మాత్రం వంశాన్ని బట్టి రాదు, అది వెయ్యి కాన్పుల్లో మూడు నాలుగింటిలో జరిగే యాదృచ్ఛికం.

ఒక్క బిడ్డను మోసినప్పటికీ, ఇప్పటికీ ఒంట్లో తేడా ఎలా ఉంటుంది?

వేవిళ్ళు ఎక్కువ. గర్భం తాలూకు హార్మోను మోతాదు పెరగడం వల్ల కొందరికి నీళ్ళు కూడా నిలవవు. అలా రోజంతా వాంతులైతే "అందరికీ ఉండేదే" అని ఓర్చుకోకుండా సెలైన్ పెట్టించుకోవాలి. పొట్ట ముందే కనిపిస్తుంది. నాకు ఏడో నెలలో లిఫ్టులో ఎక్కినవాళ్ళంతా "డేట్ ఎప్పుడు, ఈ వారమేనా?" అనేవారు. గుండెల్లో మంట, ఆయాసం, నడుంనొప్పి, కాళ్ళ వాపు, మొలలు, అన్నీ ఒక నెల ముందే వచ్చేస్తాయి. రాత్రి ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకుంటే కాస్త నయం. కదలికలు మాత్రం ముందుగా తెలియాలనేం లేదు, అయిదో నెలలోనే తెలియవచ్చు. ఎవరు తంతున్నారో గుర్తుపట్టడం కొన్నాళ్ళకు అలవాటవుతుంది. మా ఇంట్లో కుడిపక్క ఉన్నది రాత్రి పదకొండుకి లేచేది. ఇప్పుడూ అంతే.

ముగ్గురి తిండి తినాలా?

వద్దు, పొట్టలో అంత చోటు ఉండదు కూడా. మామూలుగా తినేదానికి రోజుకు దాదాపు 600 క్యాలరీలు అదనంగా చాలంటారు. అంటే ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, పప్పు ఎక్కువ వేసుకున్న ఒక కప్పు అన్నం, గుప్పెడు వేరుశెనగపప్పు. అంతకంటే పెద్ద లెక్కేం కాదు. కొంచెం కొంచెం ఆరుసార్లు తినడం సుఖం.

బరువు విషయంలో తేడా పెద్దదే. గర్భానికి ముందు సరైన బరువు ఉన్నవాళ్ళు ఒక బిడ్డకైతే పదకొండున్నర నుంచి 16 కిలోలు పెరగాలని, కవలలకైతే 17 నుంచి 25 కిలోలు పెరగాలని అమెరికాలో 2009లో ఒక లెక్క ఇచ్చారు. చాలామంది డాక్టర్లు దాన్నే చూస్తారు. ముందే లావుగా ఉన్నవాళ్ళకు అంత అక్కర్లేదు.

అసలు ఇబ్బంది నెత్తురు దగ్గర. మన ఆడవాళ్ళలో రక్తహీనత ముందే ఎక్కువ, ఇక కడుపులో ఇద్దరు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, క్యాల్షియం మాత్రలు మానకూడదు. ఐరన్, క్యాల్షియం ఒకేసారి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. కాఫీ, టీ కూడా అంతే. చెన్నైలో పొద్దున్నే ఫిల్టరు కాఫీ మానడం నా వల్ల కాలేదు. అందుకని ఐరన్ మాత్రను మధ్యాహ్నం భోజనం తర్వాతకు మార్చి, నిమ్మరసంతో వేసుకునేదాన్ని. అప్పటికీ హీమోగ్లోబిన్ 9 దాటకపోతే ఆసుపత్రిలో ఇంజెక్షనుగా ఎక్కించారు. మలం నల్లగా వస్తుంది, కంగారు పడకండి.

స్కానులు ఇన్నిసార్లు ఎందుకు? డబ్బు కోసమేనా?

మాయలు రెండైతే 20వ వారం నుంచి సుమారు నాలుగు వారాలకొకటి. మాయ ఒకటే అయితే 16వ వారం నుంచి రెండు వారాలకొకటి. ఈ రెండోది విని "దోపిడీ" అన్నవాళ్ళు మా బ్లాకులోనే ఉన్నారు. కాదు. కారణం చెబుతాను.

ఒకే మాయను పంచుకునే పిల్లల రక్తనాళాలు ఆ మాయలో ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. మామూలుగా ఇటు వెళ్ళింది అటు వస్తుంది, లెక్క సరిపోతుంది. అది సరిపోనప్పుడు ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు పోతూ ఉంటుంది. ఇచ్చే బిడ్డకు మూత్రం తగ్గి ఉమ్మనీరు ఎండిపోతుంది, పుచ్చుకునే బిడ్డకు ఉమ్మనీరు నిండిపోయి గుండె మీద భారం పడుతుంది. దీన్నే టీటీటీఎస్ అంటారు. మాయ ఒకటే ఉన్న కవలల్లో 100కి 10 నుంచి 15 మందిలో వస్తుంది, ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య. పట్టించుకోకపోతే ఇద్దరికీ ప్రమాదం. సమయానికి పట్టుకుంటే గర్భంలోకి సన్నటి గొట్టం పంపి, లేజరుతో ఆ కలిసిన నాళాలను మూసేస్తారు. రెండు వారాల గడువు పెట్టడం ఇందుకే, నెల రోజులు ఆగితే చేయి దాటిపోవచ్చు. స్కాను తేదీకి ముందే పొట్ట ఒక్కసారిగా బిగిసిపోయి, నాలుగైదు రోజుల్లో బాగా పెరిగి, ఆయాసం వస్తే ఆగకుండా వెళ్ళండి.

ఇద్దరి ఎదుగుదలలో తేడా కూడా చూస్తారు. కొంచెం తేడా ఎప్పుడూ ఉంటుంది. అది 20, 25 శాతానికి చేరితే దగ్గరగా గమనిస్తారు.

బీపీ, షుగరు వస్తాయని భయపెడుతున్నారు.

బీపీ వచ్చే అవకాశం ఒక్క బిడ్డ ఉన్నప్పటి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ, అది నిజమే. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు, పక్కటెముకల కింద నొప్పి, మొహం ఉబ్బడం, వీటిలో ఏదొచ్చినా అదే రోజు చూపించుకోవాలి. పాతకాలంలో గుర్రపువాతం అని భయపడేవారే, అది బీపీ ముదిరి వచ్చే మూర్ఛే. కవలలతో పాటు ఇంకో కారణం కూడా ఉంటే, అంటే మొదటి కాన్పు, వయసు ఎక్కువ, బరువు ఎక్కువ లాంటివి, మూడో నెల చివర్నుంచి చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. గుండెజబ్బు మాత్ర నాకెందుకని మానేయకండి. షుగరు పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత చూస్తారు, 140 దాటితే జాగ్రత్తలు మొదలు.

ఎవరూ చెప్పనిది ఇంకోటుంది: దురద. పొట్ట సాగడం వల్ల వచ్చే దురద కాదు, రాత్రిపూట అరిచేతుల్లో, అరికాళ్ళలో వచ్చేది. లివరు తేడా వల్ల కావచ్చు, కవలల తల్లుల్లో ఇది ఎక్కువ. కొబ్బరినూనె రాసుకుని ఊరుకోకుండా డాక్టరుకు చెబితే రక్తపరీక్ష చేయిస్తారు.

మంచం దిగకూడదా?

మా అమ్మ అయితే మంచినీళ్ళు కూడా పడుకునే తాగమంది. ఊరికే పడుకోవడం వల్ల కవలలు నెలలు నిండి పుడతారని రుజువు కాలేదు. పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయడం, ప్రొజెస్టరాన్ హార్మోను ఇవ్వడం కూడా కవలలందరికీ చేసేవి కావు, మీ స్కానులో ప్రత్యేక కారణం కనిపిస్తేనే. బరువులు ఎత్తొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు, అలసట వస్తే పడుకోండి. అంతే. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద రోజూ గంటన్నర బస్సు ప్రయాణం మాత్రం ఆరో నెల నుంచి మానేయమని నా సలహా. ఇంటి నుంచి పని అడగండి.

నెలలు నిండకుండానే పుడతారా?

సగం కంటే ఎక్కువ మంది కవలలు 37 వారాల లోపే పుడతారు. నొప్పులు రాకపోయినా 40 వారాల దాకా ఆగరు. మాయలు రెండైతే 37, 38 వారాలకు, మాయ ఒకటైతే 36, 37కి, సంచి కూడా ఒకటే అయితే 32 నుంచి 34 మధ్య సిజేరియన్. అందుకే స్కానులో రాసిన డేటును మరిచిపోండి. అందులోంచి నెల తీసేసి, ఆ తేదీకి సంచీ సర్ది పెట్టుకోండి.

చెన్నైలో దీనికి ఇంకో అర్థం కూడా ఉంది. జనవరి డేటు అంటే కవలలకు డిసెంబరు, అంటే వానలు. 2023 డిసెంబరు 4న మిచాంగ్ తుపానుకు మా దగ్గర రోడ్లు చెరువులయ్యాయి, మర్నాడు అది మన బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులు కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. మా పక్క బ్లాకులో 34 వారాల కవలల తల్లి. వాతావరణ హెచ్చరిక వినగానే ముందురోజే మైలాపూరులో బంధువుల ఇంటికి వెళ్ళిపోయింది. చాలా తెలివైన పని. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కాన్పయ్యే వాళ్ళు అలాంటి చోటొకటి ముందే చూసుకోండి.

గంటలో నాలుగైదుసార్లు పొట్ట రాయిలా బిగుసుకోవడం, నడుం కింద ఆగకుండా నొప్పి, నీరు పోవడం, నెత్తురు కనపడటం, కదలికలు తగ్గడం, వీటిలో ఏదొచ్చినా దొంగ నొప్పులేమోనని ఇంట్లో కూర్చోవద్దు. ముందే వెళితే ఒక లాభం ఉంది. పిల్లల ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. వాటికి ఒక రోజు వ్యవధి దొరికితే బాగా పనిచేస్తాయి.

ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తామంటున్నారు. వెళ్ళొచ్చా?

సీమంతం చేసుకోండి, వీలైతే అయిదో నెలలోనే, కూర్చునే ఓపిక ఉన్నప్పుడే. పుట్టింటి సంగతి వేరు. మాది కావలి. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సాయంత్రం కల్లా దిగొచ్చు, దూరం సమస్య కాదు. నెలలు తక్కువ పిల్లల్ని చూసే ఎన్ఐసీయూ మా ఊళ్ళో లేకపోవడం సమస్య. పుట్టాక పసిపిల్లల్ని అంబులెన్సులో నెల్లూరుకో చెన్నైకో తరలించడం కంటే, కడుపులో ఉండగా తల్లి సరైన చోట ఉండటం ఎంతో మేలు. ఈ మాట మా అమ్మకు నేను చెబితే అలిగింది, డాక్టరు చెబితే ఒప్పుకుంది. ఆవిడే చెన్నై వచ్చింది, ఆవకాయ జాడీతో సహా. మీ పుట్టిల్లు విజయవాడో గుంటూరో అయి, అక్కడ అన్ని వసతులూ ఉంటే 28 వారాలలోపు, పాత రిపోర్టులన్నీ పట్టుకుని వెళ్ళండి. 32 తర్వాత కవలల తల్లులకు విమానం వద్దంటారు.

అమ్మకు తమిళం రాదు, ఆసుపత్రిలో ఎలా?

మూడు మాటలు చాలు. వలి అంటే నొప్పి, రత్తం అంటే నెత్తురు, పనిక్కుడం అంటే ఉమ్మనీటి సంచి. మిగతాది సైగలు. చెన్నైలో తెలుగు అర్థమయ్యే నర్సు ఒక్కరైనా దొరుకుతుంది.

ఏ ఆసుపత్రి?

పేరు చెప్పను, ఏం చూడాలో చెబుతాను. ఎన్ఐసీయూ అదే భవనంలో ఉందా, ఒకేసారి రెండు పడకలు ఖాళీ ఉంటాయా, రాత్రి రెండింటికి మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు ఉంటారా, రక్తం దొరుకుతుందా. కవలల కాన్పు తర్వాత గర్భసంచి త్వరగా ముడుచుకోక నెత్తురు ఎక్కువ పోయే అవకాశం ఉంది, కాబట్టి చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. ఖర్చు భయపెడితే ప్రభుత్వ ఆసుపత్రులను చిన్నచూపు చూడకండి. 1844 నుంచి నడుస్తున్న ఎగ్మోరు ప్రసూతి ఆసుపత్రికి క్లిష్టమైన కాన్పులు రోజూ వస్తుంటాయి, కవలలు వాళ్ళకు కొత్త కాదు. తమిళనాడులో గర్భం నమోదు చేయించుకుంటే ఇచ్చే పిక్మీ నంబరు తీసి పెట్టుకోండి, పిల్లల జనన ధ్రువపత్రానికి అడుగుతారు.

కంపెనీ ఇన్సూరెన్సు ఉంటే కాన్పుకు పరిమితి ఎంత, పుట్టిన రోజు నుంచే పిల్లలకు వర్తిస్తుందా, ఇద్దరికీనా అని మెయిల్‌లో రాయించుకోండి. ఎన్ఐసీయూ బిల్లు కాన్పు బిల్లును మించిపోవచ్చు.

మామూలు కాన్పు అవుతుందా?

మొదటి బిడ్డ తల కిందికి ఉంటే, వేరే ఇబ్బంది లేకపోతే, అవ్వచ్చు. 2,800 మంది తల్లులతో చేసి 2013లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, అలాంటివాళ్ళకు ముందుగా సిజేరియన్ పెట్టుకోవడం వల్ల పిల్లలకు అదనపు మేలేమీ కనిపించలేదు. అయితే మొదటి బిడ్డ పుట్టాక రెండో బిడ్డ అడ్డం తిరగొచ్చు, అప్పుడు లోపలే తిప్పి తీయగల చేయి తిరిగిన డాక్టరు కావాలి. ఆ నమ్మకం లేని చోట సిజేరియనే మంచిది. నాకు సిజేరియనే, చింత లేదు.

ఆడా మగా చెప్పరా?

చెప్పరు. 1994 చట్టం ప్రకారం అది నేరం, అడగడం కూడా.

ఇద్దరిలో ఒకరి గుండె చప్పుడు ఆగిపోయిందన్నారు...

మొదటి మూడు నెలల్లో ఇది అరుదేం కాదు. చాలాసార్లు ఆ పిండం కరిగిపోతుంది, రెండో బిడ్డ మామూలుగానే ఎదుగుతుంది. మీ తప్పు కాదు, మెట్లెక్కడం వల్ల కాదు, బొప్పాయి వల్ల కాదు. నాలుగో నెల దాటాక జరిగితే, ముఖ్యంగా మాయ ఒకటే అయితే, రెండో బిడ్డ మీదా ప్రభావం ఉండొచ్చు కాబట్టి వెంటనే పిండవైద్య నిపుణుల దగ్గరకు పంపిస్తారు. "ఇంకొకరున్నారుగా" అని ఓదార్చే చుట్టాలను మాత్రం కొన్నాళ్ళు దూరం పెట్టండి.

సెలవు ఇద్దరికీ కలిపి రెట్టింపు ఇస్తారా?

ఇవ్వరు. ప్రసూతి సెలవు చట్టం ప్రకారం మొదటి కాన్పుకు 26 వారాలు, అందులో ఎనిమిది వారాల దాకా ముందే వాడుకోవచ్చు. కవలలైనా అంతే. ముందే అన్నీ వాడేయకండి, ఎన్ఐసీయూ నుంచి పిల్లలు ఇంటికొచ్చాకే మీ అవసరం ఎక్కువ.

ఇద్దరికీ పాలు సరిపోతాయా?

ఎక్కువమందికి సరిపోతాయి, ఎంత తీస్తే అంత పడతాయి కాబట్టి. పిల్లలు ఎన్ఐసీయూలో ఉన్నా మొదటి ఆరు గంటల్లోనే పిండటం మొదలుపెట్టి, రోజుకు ఎనిమిదిసార్లు తీయాలి. నాకు మొదటి రోజు చెంచాడే వచ్చింది, ఏడ్చాను. నర్సు ఆ చెంచాడూ సిరంజిలోకి ఎత్తి తీసుకెళ్ళింది. నెలలు తక్కువ పిల్లలకు అవసరమైతే ఇవ్వడానికి చెన్నైలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో తల్లిపాల బ్యాంకులున్నాయి. ఇంటికొచ్చాక ఇద్దరినీ ఒకేసారి, చెరో చంక కింద దిండ్ల మీద పడుకోబెట్టి పట్టొచ్చు. ఎవరికి ఎప్పుడు పట్టారో గోడ మీద క్యాలెండరులో రాయండి. నేను రాయక ఒకసారి ఒకదానికే రెండుసార్లు పట్టాను. రెండోది ఊరుకుంటుందా!

ముందు పుట్టినవాళ్ళు పెద్దా, తర్వాత పుట్టినవాళ్ళా?

తర్వాత బయటికొచ్చిన బిడ్డే ముందు కడుపులో పడింది కాబట్టి ఆ బిడ్డే పెద్ద అని మా వైపు పెద్దలంటారు. అండాల లెక్కలో దానికి ఆధారం లేదు. జనన ధ్రువపత్రాలు రెండు విడివిడిగా వస్తాయి, వాటిలో మీ ఊరి పెద్దల మాట చెల్లదు. మా ఇంట్లో ఇద్దరికీ రెండు నిమిషాలు తేడా. అక్క అని పిలవాల్సింది ఎవరనే గొడవ నిన్న రాత్రి కూడా జరిగింది. అమ్మమ్మ ఒకదాని వైపు, ధ్రువపత్రం ఇంకొకదాని వైపు.